పాత బొమ్మ సరిదిద్ది మళ్ళీ గీశాను, అమ్మ గుర్తుపట్టలేదు

మిల్లు_గుమాస్తా
మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదట వారపత్రికల్లో కథల బొమ్మలు చూసి గీసేవాణ్ణి, తర్వాత యూట్యూబ్ చూసి గీశాను, అట్లా ఇంతదాకా వచ్చాను. మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది రేకు పెట్టె దించితే ఇంటర్ రోజుల బొమ్మలన్నీ బయటపడ్డాయి. మా మేనల్లుడు చూసి "మామా, వీటినే మళ్ళీ గీసి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టు, మస్తు లైకులొస్తయ్" అన్నాడు. సరే అని ఒకటి తీశాను. మర్రిగూడ దిక్కు అమ్మమ్మ ఊర్లో బోరింగు పక్కన అమ్మమ్మ బిందె పట్టుకుని నిలబడ్డ బొమ్మ.

పాతదాంట్లో అన్నీ తప్పులే. తల పెద్దది. కళ్ళు నుదుటి మీదికి ఎక్కాయి. కాళ్ళు వంకర. బిందె మూతి ఒకవైపు ఒరిగింది. మొత్తం హెచ్‌బీ పెన్సిల్‌తోనే లాగించినట్టున్నాను, అంతటా ఒకటే బూడిద రంగు. కొత్తదాంట్లో కొలతలన్నీ సరిచూసుకుని, 2బి, 6బి ముదురు పెన్సిళ్ళు వాడి శుభ్రంగా గీశాను. అమ్మకు చూపిస్తే "ఎవరీమె?" అన్నది. పాతది చేతికిస్తే అట్లా చూసి "మా అమ్మ కదరా" అన్నది.

మరి ఇన్నేళ్ళు నేర్చుకున్నది దేనికి? మీలో ఎవరైనా పాత బొమ్మలు మళ్ళీ గీశారా? అందరికీ ఇట్లాగే అవుతుందా, నాకేనా?

హెచ్‌బీ_వీరుడు
రెండూ ఫోటో తీసి పెట్టన్నా. మాటలతో ఏం తెలుస్తది.

మిల్లు_గుమాస్తా
పెట్టాను, పైన చూడు. ట్యూబ్‌లైట్ కింద తీసినవి, ఏమనుకోవద్దు.

హెచ్‌బీ_వీరుడు
చూసిన. కొత్తదే బాగుంది, డౌటే లేదు. చీర కుచ్చిళ్ళు సూపర్. అమ్మకు పాత బొమ్మతో ఏదో జ్ఞాపకం ఉంటుంది, అంతే. దానికీ బొమ్మ మంచిచెడ్డలకూ సంబంధం లేదు.

గద్వాల_గీతలు
జ్ఞాపకం ఉండాలంటే అమ్మ ఆ బొమ్మను ఇంతకుముందు చూసి ఉండాలి కదా వీరుడూ. అటక మీద పెట్టెలో పడి ఉన్నది ఇప్పుడే బయటికొచ్చిందంటున్నాడు ఆయన.

హెచ్‌బీ_వీరుడు
లాయర్‌వా అక్కా నువ్వు?

నకిరేకల్_నాని
నాదొక చిన్న డౌటు. నా పాత బొమ్మలు పసుపెక్కుతున్నయ్. లామినేషన్ చేయిస్తే ఆగుతదా?

పాలమూరు_డ్రాయింగ్_సార్
రెండు బొమ్మలూ పెద్దవి చేసి చూశాను. ముందు పాతదాని తప్పులు చెప్తా, ఎందుకంటే అవి అందరివీ. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు మధ్యలో ఉంటాయి. చెప్పేవాళ్ళు లేకుండా గీసేవాళ్ళలో చాలామంది వాటిని పైకి జరుపుతారు. ముఖంలో మనకు పని ఉన్నది కళ్ళు, ముక్కు, నోటితోనే. వాటికి చోటు ఎక్కువిచ్చి నెత్తిని కోసేస్తాం. డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాసే పిల్లల కాగితాల్లో ఏటా చూస్తుంటా. బిందె మూతి కూడా అంతే. గుండ్రం అని మనసుకు తెలుసు కాబట్టి చెయ్యి గుండ్రంగా వేసేస్తుంది. పక్క నుంచి చూసినప్పుడు అది అణిగి కనిపిస్తుందని చెయ్యికి తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఇక నలుపంటే భయం. ముదురు వేస్తే పాడవుతుందేమోనని బొమ్మంతా ఒకే మోతాదులో రుద్దుతాం. ఇవన్నీ కొత్తదాంట్లో పోయాయి, మెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు పాతదాంట్లో ఎడమచెయ్యి చూడండి. బిందె అంచును బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పట్టుకున్నాయి. మిగతా మూడు వేళ్ళు ముడుచుకోకుండా బిగుసుకుని విడిగా ఉన్నాయి. తెలియనివాడు వేసిన చెయ్యి కాదిది. తెలియనివాడు అయిదు వేళ్ళనూ దువ్వెన పళ్ళలా వేస్తాడు, లేకపోతే చెయ్యిని కొంగు చాటున దాచేస్తాడు. మీరు ఆ చెయ్యిని చూసి వేశారు. కొత్తదాంట్లో చెయ్యి అందంగా ఉంది, కానీ అది ఎవరి చెయ్యైనా కావచ్చు.

మునుగోడు_బిడ్డ
చెయ్యి సంగతి సార్ చెప్పారు, కాళ్ళ సంగతి నేను చెప్తా. అన్నా, నువ్వు కాళ్ళను వంకరగా గీయలేదు, వంకర కాళ్ళను గీశావు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఆ వయసు మనుషులను చూసిన ఎవరికైనా ఆ నిలబడే తీరు తెలుసు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా దిక్కు బోర్ల నీళ్ళు ఆ లెక్కను ఎప్పుడో దాటేసినయ్. ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లో చేరి కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతయ్. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. మా పెద్దనాయన గోడ పట్టుకోకుండా లేచింది నేను చూడలేదు.

నీ పాత బొమ్మలో అమ్మమ్మ పాదాలు ఎడంగా పెట్టింది, మోకాళ్ళు పూర్తిగా చాపలేదు, నడుము ముందుకు వంగింది, బరువంతా బోరింగు మీద ఆనించిన కుడిచేతి మీద ఉంది. కొత్తదాంట్లో ఆమె నడుము ఒకవైపు తిప్పి క్యాలెండర్లో పల్లెపడుచు నిలబడ్డట్టు నిలబడ్డది. అమ్మ ఎట్ల గుర్తుపడ్తది?

మిల్లు_గుమాస్తా
కాళ్ళ విషయంలో మాట్లాడేదేం లేదు. అయితే కళ్ళు నుదుటి మీదికి ఎక్కింది కూడా ఫ్లోరైడ్ వల్లేనా అక్కా?

మునుగోడు_బిడ్డ
అది మాత్రం నీ ప్రతాపమే.

హెచ్‌బీ_వీరుడు
నవ్వులు సరే, నాదొక అభ్యంతరం. ఇట్లా మొదలుపెడితే ప్రతి వంకర గీతకూ "నేను చూసి వేసిందే" అని చెప్పుకోవచ్చు. మరి నేర్చుకునేది ఎప్పుడు? నా పాత బొమ్మల్లో హీరోలందరికీ ఒక చెవి కిందికి ఉంటది. అది కూడా నిజమేనా? బద్ధకానికి మంచి సాకు దొరికినట్టుంది.

పాలమూరు_డ్రాయింగ్_సార్
సరైన ప్రశ్న. తేల్చడానికి ఒక దారి ఉంది. ఒక్క బొమ్మను పట్టుకుని కూర్చుంటే తేలదు, ఆ రోజుల్లో గీసినవన్నీ నేల మీద పరచాలి. ఏ వంకర అన్ని బొమ్మల్లో ఉందో అది చేతి అలవాటు. ఏ వంకర ఒక్క బొమ్మలోనే ఉందో దాని దగ్గర ఆగాలి, అక్కడ కన్ను పని చేసి ఉండొచ్చు. నీ హీరోలందరికీ చెవి కిందికే ఉందన్నావు కాబట్టి అది నీ చేతి అలవాటు, హీరోలకు ఏ జబ్బూ లేదు. గుమాస్తా గారు, పెట్టెలో మిగతా బొమ్మల్లో కాళ్ళెట్లా ఉన్నాయో ఒకసారి చూసి చెప్పండి.

రబ్బరు_ముక్క
ఇంత పరిశోధన ఎందుకండీ. నేనైతే పాత పేపర్లు కొనే ఆయన వస్తే కట్టకట్టి ఇచ్చేశాను. తూకంలో పోయాయి. ఆ సాయంత్రమే కొత్త పుస్తకం కొనుక్కున్నా. వెనక్కి చూస్తూ కూర్చుంటే చెయ్యి ముందుకు పోదు. ఇవాళ గీసింది ఇవాళ్టిది, అంతే.

గద్వాల_గీతలు
ఇచ్చేస్తే, చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నావో లేదో నీకెట్లా తెలుస్తుంది? నా సంగతి చెప్తా. నేను ప్రతి బొమ్మ మీదా తేదీ వేస్తాను. ఒకరోజు సార్ చెప్పినట్టే అన్నీ పరిచి చూస్తే పక్క నుంచి గీసిన ముఖాలన్నీ ఎడమవైపే చూస్తున్నాయి. కుడివైపు చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. తర్వాత తెలిసింది, కుడిచేతి వాటం వాళ్ళకు ఎక్కువగా అట్లాగే వస్తుందట, చెయ్యి అటు సులువుగా తిరుగుతుంది కాబట్టి. అప్పటినుంచి పట్టుబట్టి కుడివైపు చూసే ముఖాలు గీస్తున్నా. దవడ దగ్గర ఇప్పటికీ తడబడతా. తూకానికి వేసి ఉంటే ఇది బయటపడేదే కాదు.

కోట_కింద_కుర్రోడు
ఇప్పుడే నావి తీసి చూసిన. అందరూ ఎడమకే!! దేవరకొండ కోట బురుజు మీద నిలబెట్టిన రాజు కూడా ఎడమకే.

నీలి_కాన్వాస్
నాది ఎడమచేతి వాటం. మావాళ్ళంతా కుడికి చూస్తారు. మన ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెడితే మాట్లాడుకుంటారు గీతక్కా.

రబ్బరు_ముక్క
పెళ్ళిచూపులు పెట్టించండి ఇక.

నకిరేకల్_నాని
లామినేషన్ గురించి ఎవరూ చెప్పట్లేదు.

బోర్డులు_రాసేటాయన
మీకు పెట్టె ఉంది కాబట్టి ఈ ముచ్చట. నా పాత బొమ్మలన్నీ గోడల మీదున్నయ్. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి హైదరాబాద్ రోడ్డు దాకా ఎరువుల ప్రకటనలు, ఎలక్షన్ గోడ రాతలు, బట్టల షాపు బోర్డులు రాసినోణ్ణి. ఫ్లెక్సీ వచ్చినంక పని పోయింది. గోడలకు కొత్త సున్నం పడింది. ఒక్కచోట మాత్రం సున్నం పొరలు ఊడి కింద నా అక్షరాలు సగం కనిపిస్తయ్. 'ర' కింద తోక అప్పట్లో ఎంత ఒయ్యారంగా తిప్పేవాణ్ణో. అటు పోయినప్పుడల్లా బండి స్లో చేస్తా.

పని సంగతికొస్తే, మేము ఒకే నాయకుడి ముఖం రోజూ గీసేది. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, గోడ మీద సుద్దదారం కొట్టి పెద్ద గళ్ళు చేసి, గడికి గడి దించేది. పదో గోడకు వచ్చేసరికి ఫోటో అక్కర్లేదు, చెయ్యే గీసేస్తది. అప్పుడే చెడిపోయేది. పదో గోడ మీద నాయకుడు మొదటి గోడ మీదున్నంత బాగుండడు. మొదటిది భయపడుతూ చూసి గీస్తం, పదోది చూడకుండ గీస్తం. తమ్మీ, నువ్వు కొత్త బొమ్మ గీసేటప్పుడు పాత బొమ్మ ఎదురుగ పెట్టుకున్నవా, లేక నేర్చుకున్న కొలతలు పెట్టుకున్నవా?

మిల్లు_గుమాస్తా
పాతది పక్కనే ఉంది. కానీ దానిమీద ఎర్రపెన్నుతో తప్పులు గుర్తుపెట్టినట్టు చూశాను, బిల్లుల్లో తేడాలు పట్టుకోవడమే నా పని కదా. అమ్మమ్మను చూసినట్టు చూడలేదు.

సార్, నేల మీద పరిచి చూశాను. మీరన్నట్టే ఉంది. కళ్ళు అందరికీ నుదుటి మీదే, ఊర్లో దున్నపోతుకు కూడా. కాళ్ళు మాత్రం అందరికీ కర్రల్లా నిటారుగా ఉన్నాయి, వంగింది అమ్మమ్మకొక్కదానికే. చేతులు చాలామందికి జేబుల్లోనో వీపు వెనకో ఉన్నాయి.

పాలమూరు_డ్రాయింగ్_సార్
అయితే తేలిపోయింది. కళ్ళు దించండి, కాళ్ళు ముట్టుకోకండి.

హెచ్‌బీ_వీరుడు
దున్నపోతు ఫోటో పెట్టన్నా ప్లీజ్.

బోర్డులు_రాసేటాయన
ఒక చిట్కా. పాతదాని మీద ట్రేసింగ్ షీట్ పరిచి, నిజమనిపించిన గీతలు మాత్రమే ఎత్తుకో. కాళ్ళు, చెయ్యి, నడుము వంపు. ముఖం ఖాళీగా వదిలెయ్. ఆ షీట్ కింద తెల్ల కాగితం పెట్టి చూస్తే పాత బొమ్మలో నీకు పనికొచ్చేది ఎంతో తెలుస్తది. మిగతాది మళ్ళీ కట్టుకోవచ్చు.

కోట_కింద_కుర్రోడు
ఇది చదువుతుంటే డచ్ చిత్రకారుడు వాన్ గో గుర్తొచ్చాడు. ఆయన కూడా చాలావరకు సొంతంగా నేర్చుకున్నవాడే, 27 ఏళ్ళకు గానీ గట్టిగా మొదలుపెట్టలేదు. 1882లో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న బొమ్మ పెన్సిల్‌తో గీశాడు, దాన్నే లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు బొమ్మ, కూడా చేశాడు. 1890లో, చనిపోయిన ఏడాదే, ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ పాత బొమ్మనే పట్టుకుని రంగుల్లో మళ్ళీ వేశాడు. మధ్యలో అంత నేర్చుకున్నాడు కదా, అయినా కూర్చున్న తీరు మార్చలేదు. వంగిన వీపు, మోకాళ్ళ మీద మోచేతులు, అన్నీ అట్లాగే ఉంచాడు. కొత్తగా వచ్చింది రంగు, ఆ నీలి బట్టలు.

రబ్బరు_ముక్క
మిల్లు అన్నను చెవి కోసుకున్న వాన్ గోతో పోల్చారు. అన్నా, చెవులు జాగ్రత్త.

మెట్టుగడ్డ_మిత్రుడు
మాది మహబూబ్‌నగర్. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పిల్లలమర్రికి తీసుకుపోతే అక్కడే కూర్చుని ఊడలు, కొమ్మలు గీశాను. ఘోరంగా ఉంటుంది, చెట్టు కింద మనుషులు చెట్టుకన్నా పెద్దగా ఉన్నారు. దాన్ని మళ్ళీ గీద్దామని ఎన్నోసార్లు అనుకున్నా. ఈలోపు చెట్టుకు చెదలు పట్టింది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడి జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, ఫోటోలు దేశమంతా తిరిగాయి. బయటి నుంచి చూసి వచ్చి నా పాత కాగితం తీస్తే, నేను గీసిన కొమ్మల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పలేను. అందుకే దాన్ని సరిదిద్దాలన్న ఆలోచనే మానుకున్నా. రబ్బరు_ముక్క గారు, మీరు తూకానికి వేసిన వాటిలో ఇట్లాంటివి ఏమున్నాయో.

రబ్బరు_ముక్క
ఎక్కువగా హీరోయిన్లు. వాళ్ళకు చెదలు పట్టే ప్రమాదం లేదు.

పానగల్_నీడ
నాది వేరే పద్ధతి. పాత బొమ్మను చూసి బొమ్మ గీయను, పాత చోటికే పోయి గీస్తా. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మా ఇంటికి దగ్గర. మూడు గర్భగుళ్ళు, మధ్యలో మండపం. ఒక గర్భగుడిలో వెనక గోడ మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుండా ఉంటుందని అందరికీ తెలుసు. స్కూల్లో ఉన్నప్పుడు గీసినదాంట్లో ఆ నీడకు స్కేలు పెట్టి నల్లటి గీతలు కొట్టాను, నీడ అంటే నలుపే కదా అని. తర్వాత పోయి కూర్చుంటే కదా కనిపించింది. దాని అంచు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. వెలుతురు రెండు పక్కల నుంచి వచ్చి గోడ మీద పడుతుంది, మధ్యలో ఎక్కడైతే తక్కువ పడుతుందో అది నీడ. నలుపు రుద్దడం మానేసి చుట్టూ వెలుతురును గీస్తే గానీ అది కాగితం మీదికి రాలేదు. పాత బొమ్మ పక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఇది తెలిసేది కాదు. గుమాస్తా గారు, ఆ బోరింగు దగ్గరికి ఒకసారి పోయి రండి.

మిల్లు_గుమాస్తా
బోరింగు ఉంది గానీ హ్యాండిల్ ఊడిపోయింది, గద్దె చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి. మిషన్ భగీరథ నీళ్ళు ఇంటింటికీ నల్లా ద్వారా వస్తున్నాయి, అటు ఎవరూ పోరు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళైంది. పోయి ఏం గీయను?

మునుగోడు_బిడ్డ
అమ్మ ఉంది కదా అన్నా. ఆమె కూడా చిన్నప్పటినుంచి ఆ నీళ్ళే తాగింది. బిందె చేతికిచ్చి నిలబడమను.

మిల్లు_గుమాస్తా
అడిగాను. "నా మోకాళ్ళు కూడా ఊరికి చూపిస్తవా" అని తిట్టింది.

గద్వాల_గీతలు
కూర్చోబెట్టి గీయండి, మోకాళ్ళు చీర కింద ఉంటాయి. చెయ్యి మాత్రం బిందె మీద పెట్టించండి, సార్ చెప్పిన ఆ మూడు వేళ్ళ సంగతి తేలుతుంది.

హెచ్‌బీ_వీరుడు
ఫ్లోరైడ్‌ను అడుగుకు దించి తీసే పటిక, సున్నం పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది కదా. సార్ చెప్పిన పరచి చూసే పద్ధతికి పాలమూరు టెక్నిక్ అని పెట్టేద్దాం. తప్పులన్నీ అడుగుకు దిగాలి.

పాలమూరు_డ్రాయింగ్_సార్
పేరు తర్వాత, ముందు చెవి సరిచెయ్.

నాని, నీ ప్రశ్న మరిచాను. లామినేషన్ వద్దు. వేడితో ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుంటుంది, మళ్ళీ ఊడదీయలేవు, పైగా పసుపు ఎక్కడం ఆగదు. న్యూస్‌ప్రింట్ లాంటి చవక కాగితంలో లిగ్నిన్ అనే కలప పదార్థం ఉంటుంది. వెలుతురుకు, గాలికి పసుపెక్కేది అదే. చేయగలిగింది నిదానం చేయడమే. ముందు ఒక్కోదాన్ని తలుపు దగ్గర నీడపట్టున, ఫ్లాష్ లేకుండా ఫోటో తియ్. ముఖ్యమైనవి 300 డీపీఐలో స్కాన్ చేయించు. ఆ తర్వాత యాసిడ్ లేని కాగితం మధ్యలో పెట్టి, వెలుతురు, చెమ్మ తగలని చోట పరిచినట్టు ఉంచు, చుట్టొద్దు. సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు మరక కాగితం లోపలికి దిగుతుంది. పెన్సిల్ గీత వెలిసిపోదు, చెరిగిపోతుంది అంతే. స్కెచ్ పెన్ను రంగులే తొందరగా వెలిసేది, వాటిని గోడకు తగిలించకు.

మిల్లు_గుమాస్తా
నిన్న రాత్రి అమ్మ సీరియల్ చూస్తుంటే పక్క నుంచి గీశాను. బిందె లేదు, చేతిలో రిమోట్ ఉంది. ప్రకటన వచ్చినప్పుడల్లా కదులుతుంది, ఒకే కాగితం మీద ఎన్నో తలలు, ఒక్కదానికీ ముఖం పూర్తవలేదు. కానీ రిమోట్ పట్టుకున్న వేళ్ళు చూడండి, ఫోటో పెట్టాను. మూడు వేళ్ళూ విడిగానే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ నేనది చూడలేదు.

మునుగోడు_బిడ్డ
అన్నా, బొమ్మ సంగతి తర్వాత. అమ్మను ఒకసారి ఎముకల డాక్టర్‌కు చూపించు.

మిల్లు_గుమాస్తా
సోమవారం నల్లగొండ తీసుకుపోతున్నా అక్కా. మిల్లుకు సెలవు చెప్పాను.

గద్వాల_గీతలు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అమ్మ కూడా ఎడమవైపే చూస్తోంది.

మిల్లు_గుమాస్తా
టీవీ అటే ఉంది!

నకిరేకల్_నాని
సార్, మీ జవాబు ఇప్పుడే చూసిన. నిన్న పొద్దున్నే సగం లామినేషన్ చేయించేసిన. ఇప్పుడేం చేయాలి?

పాలమూరు_డ్రాయింగ్_సార్
మిగతా సగం చేయించకు.